చచ్చిందనుకున్న డిస్కే డేటాను కాపాడింది: ఇంటి స్టోరేజ్ సర్వర్‌లో రీడ్ ఎర్రర్ల కేసు

ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో పెట్టుకున్న స్టోరేజ్ సర్వర్లు మొరాయిస్తే సరిచేయడం నా పని. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో "రీడ్ ఎర్రర్" అన్న ఒక్క మాట వెనక రెండు వేరువేరు జబ్బులు దాక్కున్నాయి. మొదటిది దొరికిన సంతోషంలో రెండోదాన్ని నేను దాదాపు వదిలేశాను. యజమాని వివరాలు, డిస్కుల కంపెనీలు, సీరియల్ నంబర్లు తీసేశాను.

నేపథ్యం

పాత డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా మార్చుకున్నారు. లినక్స్, దాని మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కుల్లో డేటాను నిర్వహించే వ్యవస్థ. ఒక్కోటి 4 టీబీ ఉన్న నాలుగు డిస్కులు, రెయిడ్‌-జెడ్1 పద్ధతిలో ఒకే పూల్, అంటే అన్నీ కలిపి ఒకే నిల్వ. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా మిగతా మూడింటి నుంచి డేటా మొత్తం తిరిగి కట్టుకోవచ్చు. రెండో డిస్క్ కూడా పోతే అంతే సంగతులు. పూల్‌లో దాదాపు 7 టీబీ డేటా ఉంది. అందులో పిల్లల ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు, ఇంకా మళ్లీ దొరికే సినిమాలు, ఇన్‌స్టాలర్లు ఉన్నాయి. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో బ్యాకప్ ఉంది గానీ అది ఏడాదిన్నర నాటిది.

డిస్కులను క్యాబినెట్‌లో పైనుంచి కిందికి 1, 2, 3, 4 అని పిలుస్తాను. 1, 2 డిస్కులకు పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు వస్తోంది. 3, 4 కింది బేల్లో, అంటే డిస్కులు పెట్టే అరల్లో, ఉన్నాయి, అక్కడిదాకా సప్లై తీగ అందలేదు. అందుకని ఒక మోలెక్స్ (నాలుగు పిన్నుల పాతరకం పవర్) కనెక్టర్‌కు స్ప్లిటర్, అంటే ఒక తీగను రెండుగా చీల్చే ముక్క, తగిలించి రెండింటికీ పంచారు. ఈ సంగతి నాకు మొదటిరోజు తెలియదు, నేను అడగలేదు కూడా.

ఇంకో చిన్న విషయం తర్వాత పెద్దదైంది. నెలకోసారి దానంతటదే జరిగే స్క్రబ్‌ను యజమాని ఆపేశారు. స్క్రబ్ అంటే పూల్‌లోని డేటానంతా ఒకసారి చదివి చెక్‌సమ్‌లతో (రాసేటప్పుడు దాచుకున్న సరిచూపు అంకెలతో) పోల్చడం. రాత్రంతా డిస్కుల గరగర వినిపిస్తుంటే ఇంట్లోవాళ్లకు నిద్ర పట్టడం లేదట. అప్పటికి అయిదు నెలలైంది.

నా దగ్గరికి వచ్చేసరికి

ఒకరోజు వీడియోలు కాపీ చేస్తుండగా 4వ డిస్క్ మీద రీడ్ ఎర్రర్లు వచ్చాయి. పూల్ "డిగ్రేడెడ్", అంటే రక్షణ తగ్గింది, అని చూపించింది. ఆయన స్టేటస్ క్లియర్ చేసి ఊరుకున్నారు. రెండు రోజులకు మళ్లీ అదే. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తీస్తే 197వ నంబరు దగ్గర, అంటే చదవలేక తేల్చకుండా ఉంచిన పెండింగ్ సెక్టార్ల (డిస్క్ మీది చిన్న గడుల) దగ్గర, 8 అని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే చాలాచోట్ల "అది సున్నా కాకపోతే డిస్క్ మార్చెయ్" అనే కనిపించింది. కొత్త డిస్క్ కొన్నారు. పాతదాన్ని పీకేసి అదే స్థానంలో కొత్తది పెట్టి రీప్లేస్ కమాండ్ ఇచ్చారు. తీసిన డిస్క్ మీద నల్ల మార్కర్‌తో "చచ్చింది" అని రాసి సొరుగులో పడేశారు.

రీసిల్వర్, అంటే మిగతా మూడు డిస్కులు చదివి కొత్తదాన్ని నింపే పని, 71 శాతం దాకా వెళ్లింది. అక్కడ కొత్త డిస్క్ మీదే ఎర్రర్లు మొదలయ్యాయి, నిమిషం తిరక్కుండా 3వ డిస్క్ మీద కూడా. పూల్ మొత్తం సస్పెండ్ అయి, ఏ ఫోల్డర్ తెరిచినా స్క్రీన్ కదలకుండా నిలబడిపోయింది. రీస్టార్ట్ చేస్తే రీసిల్వర్ మళ్లీ నడిచి, కొంతసేపటికి మళ్లీ అదే చోటుకు వచ్చింది. ఇలా అయిదు రోజులు గడిచాయి.

ఫోన్లో ఆయన మొదటి ప్రశ్న: "కొత్త డిస్క్, పాత డిస్క్, రెండూ ఒకేసారి పోతాయా అండీ?"

పోవచ్చు. కానీ కొన్న వారానికే కొత్త డిస్క్, దానితోపాటే పక్కన అప్పటిదాకా బాగున్న డిస్క్ కూడా పోయిందంటే, ముందు డిస్కులను కాదు, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. ఫోన్ పెట్టేముందు రెండు మాటలు చెప్పాను. సర్వర్ ఆపేయండి. సొరుగులోని డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి, వారంటీకి పంపకండి. ఆ డిస్క్ పనికొస్తుందని అప్పుడు నేనేమీ ఊహించలేదు. డేటా చేతికొచ్చేదాకా పాత డిస్క్ దేన్నీ బయటికి పోనివ్వకపోవడం నాకు అలవాటు, అంతే.

మొదటి నిర్ణయం: బాగుచేయడమా, కాపీ తీయడమా

వెళ్లగానే అందరికీ రీసిల్వర్ పూర్తి చేయించాలనే అనిపిస్తుంది, స్క్రీన్ మీద 71 శాతం ఊరిస్తూ కనిపిస్తుంది కదా. కానీ రీసిల్వర్ అంటే మూడు డిస్కులనూ గంటల తరబడి ఎడాపెడా చదివించడం. ఏ డిస్క్ ఎందుకు పడిపోతోందో తెలియకుండా ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ క్షణాన పూల్‌కు ఉన్నవి మూడు డిస్కులే, అదనపు రక్షణ సున్నా.

అందుకని పూల్‌ను రీడ్‌-ఓన్లీగా ఇంపోర్ట్ చేశాను, అంటే చదవడానికి మాత్రమే తెరిచాను. అలా చేస్తే రీసిల్వర్ కదలదు, డిస్కుల మీద ఏమీ రాయదు, ఫైళ్లు మాత్రం చదువుకోవచ్చు. బ్యాకప్ తర్వాత చేరిన, మళ్లీ దొరకని ఫైళ్లు లెక్కేస్తే 1.4 టీబీ తేలింది. ముందు అది బయటికి తీయాలి, మిగతా ఆలోచనలు ఆ తర్వాత.

కాపీ మొదలుపెట్టే ముందు ఒక పని చేశాను, అది పనిచేయలేదు. 3, 4 బేలకు కొత్త సాటా డేటా కేబుళ్లు వేసి, మదర్‌బోర్డ్ మీద వేరే పోర్టులకు మార్చాను. ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు దోషి కేబులే, మార్చడానికి రెండు నిమిషాలు చాలు. కేబులు, పోర్టు రెండూ ఒకేసారి మార్చడం మంచి పద్ధతి కాదు. ఎర్రర్లు ఆగిపోతే ఏది కారణమో తెలిసేది కాదు. నా అదృష్టమో ఏమో, ఆగలేదు. 40 నిమిషాల తర్వాత 3వ డిస్క్ మళ్లీ మాయమైంది. ఆ విధంగా రెండు అనుమానాలూ ఒకేసారి కొట్టేశాను.

నిజానికి ఆ 40 నిమిషాలు కూడా వృథా కాకుండా ఉండేవి. స్మార్ట్ రిపోర్ట్‌లో 199వ నంబరు డిస్కుకు, బోర్డుకు మధ్య తీగ మీద డేటా ఎన్నిసార్లు చెడిపోయిందో లెక్కపెడుతుంది. డేటా కేబుల్ పాడైతే మామూలుగా ఆ అంకె పెరుగుతుంది, ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు. ఇక్కడ డిస్కులన్నిటిలోనూ అది సున్నా. ఆ సున్నాను నేను చూశాను. చూసి కూడా, అలవాటు చొప్పున కేబుల్ మార్చాను.

పన్నెండో నంబరు

డిస్క్ మాయమైనప్పుడు కెర్నల్ లాగ్, అంటే లినక్స్ రాసుకునే చిట్టా, ఏం రాసిందో అప్పుడు తీరిగ్గా చదివాను. డిస్క్ ఉపరితలం మీద ఒకచోట డేటా చదవలేకపోతే లాగ్‌లో "యూఎన్‌సీ" అని పడుతుంది, చదవలేకపోయిన సెక్టార్ నంబరు కూడా ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. ముందు "లింక్ డౌన్", అంటే డిస్కుతో సంబంధం తెగింది. తర్వాత రీసెట్. ఆ తర్వాత, లింక్ నెమ్మదిగా స్పందిస్తోంది, దయచేసి ఓపిక పట్టండి అనే అర్థం వచ్చే లైను. కెర్నల్ ఇంత మర్యాదగా మాట్లాడే సందర్భాలు తక్కువ. కొన్ని సెకన్లకు "లింక్ అప్", పూర్తి వేగంతోనే.

ఆ "ఓపిక పట్టండి" దగ్గర ఆగాను. డిస్క్ ఆన్‌లోనే ఉండి లింక్ మాత్రం తెగితే, రీసెట్ కాగానే వెంటనే పలకాలి. ఇది కొన్ని సెకన్లు తీసుకుంటోంది. మోటారు ఆగి, మళ్లీ తిరగడం మొదలుపెట్టి, పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సమయం సరిగ్గా అంతే.

కాపీ మళ్లీ నడిపించి, 3వ డిస్క్ మీద వేలు ఆనించి కూర్చున్నాను. సన్నటి వణుకు వేలికి తెలుస్తూనే ఉంది. పావుగంటకు లోపల "టక్" అని ఒక చిన్న చప్పుడు వచ్చి, వణుకు జారిపోయింది. రెండు క్షణాల తర్వాత కింది నుంచి ఈల పైకి లేచినట్టు మోటారు మళ్లీ అందుకుంది. డిస్క్‌ను చదివే హెడ్లు హఠాత్తుగా పక్కకు తప్పుకుని పార్క్ అయిన చప్పుడు అది. డిస్క్‌కు కరెంటు పోయి వచ్చింది.

వేలితో తెలిసిన దాన్ని అంకెల్లో చూడాలనిపించింది. స్మార్ట్ రిపోర్ట్‌లో 12వ నంబరు, పవర్ సైకిల్ కౌంట్, డిస్క్ ఎన్నిసార్లు ఆన్ అయిందో చెబుతుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే అది జబ్బు లెక్క కాదు. కానీ నాలుగు డిస్కులూ ఒకేరోజు ఒకే క్యాబినెట్‌లో చేరినప్పుడు వాటి అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. ఇక్కడ 1కి 63, 2కి 63, 3కి 211. సొరుగులోని పాత 4వ డిస్క్‌ను నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూస్తే 238. అయిదు రోజుల వయసున్న కొత్త డిస్క్‌కు 29. ఆ అయిదు రోజుల్లో సర్వర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశారని అడిగితే, మహా అయితే ఆరేడుసార్లు అన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పవర్ ఆదా చేసే సెట్టింగుల వల్ల డిస్క్ తనంతట తాను తిరగడం ఆపేసినా, హెడ్లు పార్క్ చేసినా 4వ, 193వ నంబర్లు పెరుగుతాయి, 12 పెరగదు. 12 పెరిగిందంటే కరెంటు నిజంగానే పోయి వచ్చిందని. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు పెరిగే 192 కూడా అవే మూడు డిస్కుల్లో ఎక్కువగా ఉంది.

అప్పుడు క్యాబినెట్ పక్కకు తిప్పి కింది బేల వెనక టార్చ్ వేశాను. స్ప్లిటర్ కనిపించింది. తీగల చుట్టూ ప్లాస్టిక్ పోత పోసిన రకం. పసుపు తీగ, అంటే మోటారుకు వెళ్లే 12 వోల్టుల తీగ, మోలెక్స్‌లోకి దిగే చోట తెల్ల ప్లాస్టిక్ లేత గోధుమరంగుకు తిరిగి ఉంది. డిస్క్ మోటారు మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కో డిస్క్ ఆ తీగ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. పిన్ను గట్టిగా పట్టుకుని ఉంటే రెండు డిస్కులకు అదేమంత బరువు కాదు. వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను ఇంకాస్త వదులవుతుంది. రీసిల్వర్ లాంటి పెద్ద పనిలో హెడ్లు ఎడతెగకుండా కదులుతూ కరెంటు ఎక్కువ లాగినప్పుడు రెండు డిస్కులూ కలిసి పడిపోయేవి. మామూలు రోజుల్లో ఎర్రర్లు బయటపడింది 4వదాని మీదే.

అనుమానం తీర్చుకోవడానికి ఆ స్ప్లిటర్‌ను బయటికి తీసి, డేటా ఏమీ లేని నా పాత డిస్క్ ఒకటి తగిలించి, మోలెక్స్‌ను కాస్త పక్కకు వంచాను. డిస్క్ ఆగిపోయింది. వదిలేస్తే మళ్లీ తిరిగింది. డేటా ఉన్న డిస్క్ మీద మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

పరిష్కారానికి ఏమీ కొనాల్సిన పని పడలేదు. సప్లైలో వాడని సాటా పవర్ తీగ ఒకటి ట్రే వెనక కట్టేసి ఉంది. కింది బేల దాకా అందదు గానీ పై బేలకు అందుతుంది. డిస్కులను పైకి జరిపి స్ప్లిటర్ తీసేశాను. కాపీ మళ్లీ మొదలుపెడితే ఈసారి లింక్ ఒక్కసారీ తెగలేదు.

అయిపోయిందనుకున్నాక

1.4 టీబీ కాపీ అయింది, మూడు ఫైళ్లు తప్ప. ఆ మూడింటి దగ్గర ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. రెండు వీడియోలు, ఒక స్కాన్ కాగితం.

నా మొదటి ఆలోచన ఉన్నదున్నట్టు చెప్పాలి: "కరెంటు పోయి వచ్చిన రోజుల్లో ఏదో సగం రాసి ఉంటుంది, పోనీలే." కారణం ఒకటి చేతికి చిక్కాక కనిపించిన ప్రతి లక్షణాన్నీ దాని ఖాతాలోనే వేసేయాలనిపిస్తుంది. ఆయన కూడా మూడు ఫైళ్లేగా అన్నారు. అయితే ఆ మూడు ఫైళ్లూ రెండేళ్ల నాటివి. ఈ మధ్య ఎవరూ వాటిని రాయలేదు. రాయని ఫైల్ సగం రాసినట్టు ఎలా అవుతుంది?

లాగ్ చూస్తే ఎర్రర్లు 1వ డిస్క్‌వి. ఈ డిస్క్ స్ప్లిటర్ మీద లేదు, పవర్ సైకిల్స్ కూడా మామూలుగానే ఉన్నాయి. లాగ్‌లో ఈసారి స్పష్టంగా "యూఎన్‌సీ", పక్కన సెక్టార్ నంబర్లు. స్మార్ట్‌లో 197 దగ్గర 16, సరిచేయలేని ఎర్రర్లను లెక్కపెట్టే 187 దగ్గర 12. ఇది ఉపరితలం జబ్బు. పక్కింట్లో కరెంటు సమస్య ఉందని మన ఇంటి గోడ పగులు కరెంటు వల్ల వచ్చినట్టు కాదు.

ఒక చోట మాత్రం లాగ్ నన్ను బాగా తికమక పెట్టింది. 1వ డిస్క్‌కు కూడా ఒకసారి "లింక్ రీసెట్" పడింది. ఇదీ పవర్ సమస్యేనా అని మళ్లీ టెన్షన్. టైమ్ చూస్తే విషయం అర్థమైంది. డెస్క్‌టాప్ తరగతి డిస్కులు చదవలేని సెక్టార్ ఎదురైతే వెంటనే ఓడిపోయామని చెప్పవు, ఒక్కోసారి రెండు నిమిషాల దాకా మళ్లీమళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటాయి. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఎదురుచూస్తుంది. ఆ తర్వాత డిస్క్ పలకడం లేదనుకుని లింక్‌ను తానే రీసెట్ చేస్తుంది. అంటే ఉపరితలం జబ్బు కేబుల్ జబ్బు వేషం వేసుకుంటుంది. ఇక్కడ రీసెట్‌కు ముందు సరిగ్గా 30 సెకన్ల నిశ్శబ్దం ఉంది, "లింక్ డౌన్" లేదు, 12వ నంబరు కదల్లేదు. డిస్క్‌కు ఆ సౌకర్యం ఉంటే, స్మార్ట్‌కంట్రోల్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చదవలేని చోట డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలన్న గడువు) విలువను 70గా పెట్టి, 7 సెకన్లలోనే ఎర్రర్ చెప్పేయమని డిస్క్‌ను అడగొచ్చు. ఆ లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. చాలా డిస్కుల్లో కరెంటు పోయి వస్తే ఈ సెట్టింగ్ కూడా పోతుంది, కాబట్టి ప్రతి బూట్‌కూ పెట్టే ఏర్పాటు చేయాలి. డిస్క్ ఆ మాట వినకపోతే లినక్స్ గడువునే 180 సెకన్లకు పెంచాలి.

అయిదు నెలలుగా స్క్రబ్ నడవలేదని ముందే చెప్పాను. నడిచి ఉంటే 1వ డిస్క్ సంగతి నాలుగు డిస్కులూ ఉన్న రోజుల్లోనే బయటపడేది, మిగతా మూడింటి నుంచి పాడైన చోట్లను జెడ్‌ఎఫ్‌ఎస్ తానే తిరిగి రాసేసేది. నాలుగోదాన్ని పీకేశాక చదవలేని సెక్టార్ ఎదురైతే ఆ ఫైల్‌కు ఇంకో దారి లేదు. పైగా మేం చదివింది 1.4 టీబీయే. మిగతా అయిదారు టీబీల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో రీసిల్వర్ నడిపితే గానీ తెలియదు.

సొరుగులోని డిస్క్

మూడు దారులు కనిపించాయి. రీసిల్వర్ పూర్తి చేసి, పోయిన ఫైళ్లు పోయాయనుకోవడం ఒకటి. 1వ డిస్క్‌ను, పాడైన డిస్కుల నుంచి నకలు తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో వేరే డిస్క్ మీదికి నకలు తీయడం రెండోది. కానీ చదవలేని సెక్టార్లు నకలులోనూ ఖాళీగానే ఉంటాయి, మూడు ఫైళ్లూ రావు. మూడోది, "చచ్చింది" అని రాసి పెట్టిన డిస్క్.

ఆ డిస్క్ నిజంగా చచ్చిందా? దాని మీద ఉన్న ఏకైక నేరం 197 దగ్గర 8. ఈ డిస్కులు లోపల 4096 బైట్ల సెక్టార్లు వాడుతూ బయటికి 512 బైట్లుగా చూపిస్తాయి. ఎనిమిది 512లు 4096. అంటే పాడైంది ఎనిమిది చోట్ల కాదు, ఒక్క చోట. ఇక 5వ నంబరు, నిజంగా చెడిపోయి వేరే చోటుకు మార్చిన సెక్టార్ల లెక్క, సున్నా. ఒక సెక్టార్ రాస్తుండగా కరెంటు పోతే అందులో సగం కొత్త డేటా, సగం పాత డేటా మిగులుతుంది. దానితోపాటు రాసే సరిచూపు కోడ్ పొసగదు, కాబట్టి చదవబోతే ఎర్రర్, పెండింగ్ లెక్కలోకి వెళుతుంది. అలాంటి చోట ఉపరితలానికి ఏ లోపమూ ఉండదు, మళ్లీ రాస్తే మామూలైపోతుంది. కరెంటు 170 సార్లకు పైగా అదనంగా పోయి వచ్చిన డిస్క్‌లో అలాంటి సెక్టార్ ఒక్కటే ఉండటం నాకు ఆశ్చర్యం అనిపించింది.

ఇది నా ఊహ. ఊహ మీద ఆధారపడి ఉన్న ఒక్క ఆసరానూ పూల్‌లో పెట్టలేను. స్మార్ట్ లాంగ్ టెస్ట్ చేద్దామంటే చాలా డిస్కుల్లో అది మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది, తర్వాత ఏముందో చెప్పదు. అందుకని ఆ రాత్రి డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని నా దగ్గరున్న ఖాళీ 4 టీబీ డిస్క్ మీదికి చదివించాను. దాదాపు ఎనిమిది గంటలు. పొద్దున చూస్తే చదవలేకపోయింది 4096 బైట్లు, ఒక్క చోట. డిస్క్ బాగానే ఉందని తేలింది, ఏదైనా తేడా వస్తే చేతిలో నకలూ ఉంది. అసలు, నకలు రెండూ ఒకే పూల్‌కు ఒకేసారి తగిలించకూడదు. రెండింటి గుర్తింపూ ఒకటే కాబట్టి జెడ్‌ఎఫ్‌ఎస్ గందరగోళపడుతుంది. నకలును సంచిలో పెట్టేశాను.

రీప్లేస్ మొదలై పూర్తికాకుండా ఆగినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ పాత డిస్క్‌ను మరిచిపోదు. స్టేటస్‌లో "రీప్లేసింగ్" అన్న లైను కింద పాతది, కొత్తది రెండూ పక్కపక్కనే ఉంటాయి. పాతది కనిపించడం లేదని మాత్రం చూపిస్తుంది. పాత 4వ డిస్క్‌ను మంచి పవర్ తీగకు తగిలించి, పూల్‌ను ఈసారి మామూలుగా ఇంపోర్ట్ చేశాను. వెంటనే గుర్తుపట్టింది. అది లేనప్పుడు పూల్‌లో మారిన కొద్దిపాటి డేటాను మాత్రమే దాని మీద రాసుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ రాతలోనే 197 ఎనిమిది నుంచి సున్నాకు పడింది, 5 సున్నాగానే ఉంది.

మూడు ఫైళ్లలో మొదట స్కాన్ కాగితం తెరిచాను. తెరుచుకుంది. రెండు వీడియోలూ చివరిదాకా నడిచాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ వాటిని మిగతా డిస్కుల నుంచి కట్టుకుని, 1వ డిస్క్ మీద పాడైన చోట తిరిగి రాసింది. అక్కడ కథ వేరుగా నడిచింది. 197 పదహారు నుంచి సున్నా అయింది గానీ 5వ నంబరు సున్నా నుంచి 16కు ఎక్కింది. అంటే రాయబోయినా ఆ చోట్లు నిలవలేదు, డిస్క్ వాటిని పక్కనపెట్టింది. రెండు డిస్కులదీ మొదట ఒకటే లక్షణం, 197. తిరిగి రాసినప్పుడు 5 ఏం చేసిందన్న దాన్ని బట్టి ఏది ఆరోగ్యమో, ఏది జబ్బో తేలింది.

ఇక కొత్త డిస్క్‌ను ఎవరి స్థానంలో పెట్టాలి? ఆయన 4 కోసం కొన్నారు, కానీ పోవాల్సింది 1. రీప్లేసింగ్ లైన్లోంచి కొత్త డిస్క్‌ను డిటాచ్ చేస్తే ఆ పని రద్దయి, పాత 4 తన స్థానంలో నిలబడింది. కొత్త డిస్క్‌కు కూడా పాపం ఇరవైసార్లకు పైగా కరెంటు పోయింది కాబట్టి ముందు లాంగ్ టెస్ట్ చేయించాను, పాసైంది. తర్వాత దాన్ని 1 స్థానంలోకి రీప్లేస్ చేశాను, 1ని పీకకుండానే. పోర్టు ఖాళీ ఉంటే ఎప్పుడూ ఇలాగే చేయాలి. పాత డిస్క్ తొంభై తొమ్మిది శాతం బాగానే ఉంటుంది, మిగతా డిస్కుల్లో ఏదైనా తడబడితే ఆ తొంభై తొమ్మిది శాతమే ఆదుకుంటుంది. ఆయన మొదటిరోజు చేసిన అసలు పొరపాటు డిస్క్ మార్చడం కాదు, పాతదాన్ని ముందే పీకేయడం. తొమ్మిది గంటల తర్వాత రీసిల్వర్ ఒక్క ఫైల్ కూడా పోకుండా పూర్తయింది. ఆ తొమ్మిది గంటల్లో 1వ డిస్క్ మీద వేరే చోట్ల కొత్తగా 24 పెండింగ్ సెక్టార్లు పుట్టుకొచ్చాయి. మొదటి దారిలో వెళ్లి ఉంటే అవన్నీ పోయిన ఫైళ్లే అయ్యేవి.

వెంటనే ఒకదాని వెనక ఒకటి రెండు స్క్రబ్‌లు చేయించాను, ఎర్రర్ జాబితాలో పాత పేర్లు రెండోది పూర్తయ్యాకే తొలగిపోయాయి.

తర్వాత

స్క్రబ్‌ను నెలకోసారి పగటిపూట, ఇంట్లో ఎవరూ పెద్దగా ఉండని వేళకు పెట్టాం. ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు వారానికోసారి బ్యాకప్. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకని ఆయన ఇంతకుముందు అనుకునేవారట, ఆ సంగతి ఇప్పుడు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. రోజూ స్మార్ట్ రిపోర్ట్‌లో 5, 187, 197, 199తోపాటు 12ను కూడా నాలుగు డిస్కులకూ పక్కపక్కన ఒక ఫైల్‌లోకి రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. ఒంటరిగా చూస్తే 12కి అర్థం లేదు. పక్క డిస్క్‌తో పోల్చితేనే అది మాట్లాడుతుంది. నాలుగు నెలల తర్వాత ఆయన ఆ ఫైల్ పంపారు. నాలుగు డిస్కులకూ 12 అయిదేసి పెరిగింది, అంతే.

నా పద్ధతిలో కూడా ఒకటి మారింది. రీడ్ ఎర్రర్లని ఎవరు ఫోన్ చేసినా, "ఏ డిస్క్‌కు కరెంటు ఏ తీగ నుంచి వస్తోందో ఫొటో తీసి పంపండి" అని ముందే అడుగుతున్నాను. చాలామందికి డేటా కేబుల్ ఎటు పోతుందో తెలుసు, పవర్ తీగ ఎటు పోతుందో తెలియదు.

చివరిగా ఒక ఆనవాలు. డిస్కులు మళ్లీ కలిసిపోకుండా ప్రతిదాని ముందు వైపు సీరియల్ నంబరు, బే, పవర్ తీగ రాసిన స్టిక్కర్ అంటించాం. 4వ డిస్క్ మీద నల్ల మార్కర్ రాత ఎంత తుడిచినా పోలేదు. స్టిక్కర్ దాని పక్కనే అంటించాల్సి వచ్చింది. ఇప్పుడు క్యాబినెట్ తెరిస్తే, "చచ్చింది" అన్న అక్షరాల పక్కన ఆకుపచ్చ లైటు వెలుగుతూ కనిపిస్తుంది.